ఛార్జింగులో ఉన్న బ్యాటరీ

తాడేపల్లి రేవులో మా అబ్బాయి ఎలీషా చిన్న షికారు బోటు నడుపుతాడు. అందులో స్టీరియో పాత కారు బ్యాటరీతో మోగుతుంది. దొంగల భయానికి ఆ బ్యాటరీని రోజూ పొద్దుగూకగానే ఇంటికి మోసుకొచ్చి ఛార్జింగు పెడతాడు. ఇవాళా పెట్టి, బోటులో చేరిన నీళ్లు తోడొస్తానని లేచాడు.

“చీకటి పడిందిరా, పొద్దున తోడుకోవచ్చులే.”

“నీ భయంతో నువ్వు రోజూ నన్ను ఏట్లో ముంచుతూనే ఉంటావమ్మా,” అని నవ్వుతూ వెళ్లాడు.

కాసేపటికి ఏటి వైపు నుంచి పాట మొదలైంది. అది మా స్టీరియోనే. ఒక స్పీకరు చిరిగి గరగరమంటుంది. బ్యాటరీ మాత్రం నా మంచం పక్కనే ఉంది. మా ఆయన్ని లేపి చెప్పాను.

“పక్కోళ్ల బ్యాటరీ అడిగి పెట్టుకునుంటాడు. నీకెప్పుడూ చావు కబుర్లేనా?” అని అటు తిరిగి పడుకున్నాడు. ఈ ఇంట్లో బిడ్డ కోసం భయపడే పని కూడా నా ఒక్కదానిదే.

రేవుకు పరుగెత్తాను. బోటు కట్టేసే ఉంది. అందులో ఎవరూ లేరు. సెల్లు లైటు వేసి చూశాను. బ్యాటరీ పెట్టే చోటు ఖాళీ. రెండు వైర్ల కొసలు అడుగున నిలిచిన నీళ్లలో వేలాడుతున్నాయి. పాట మోగుతూనే ఉంది.

“ఒరేయ్ ఎలీషా!” అని అరిచాను.

నా గొంతు సరిగ్గా వినాలన్నట్టు, పాట సౌండు మెల్లగా తగ్గింది.