కవరు మీది పేరు

"మూడు మెయిల్స్ పెట్టిందట! ఒక్కటీ నాకు రాలేదు. నీ సర్వర్ మింగేసిందా?"

వదిన ఫోన్‌ను బల్ల మీద ఠప్పున పెట్టింది. ఆడపడుచు కీబోర్డు మీంచి చేతులు తీసేసింది. మొగుళ్ళ చేతుల్లో దెబ్బలు తినే ఆడవాళ్ళకు అండగా నిలిచే ఆ చిన్న ఆఫీసును నడిపేది వాళ్ళిద్దరే. వచ్చినవాళ్ళతో మాట్లాడేది వదిన. మెయిల్ సర్వర్ సంగతి చూసేది ఆడపడుచు.

"ఎవరు వదినా?"

"పేరు చెప్పలేదు. 'మూడు మెయిల్స్ పెట్టానక్కా, జవాబే లేదు. ఈసారి నన్ను చంపేస్తాడు' అంది. అంతే, కట్ అయిపోయింది. తిరిగి చేస్తే ఎత్తట్లేదు."

ఆడపడుచు సర్వర్ చిట్టా తెరిచి గబగబా కిందికి జరిపింది. ఒక చోట వేలు ఆగింది.

"ఈమే అయ్యుండాలి. తను పనిచేసే ఆఫీసు మెయిల్ అడ్రసు నుంచి రాసింది. మూడూ మనకు చేరాయి. మూడింటినీ నీ సొంత మెయిల్‌కి పంపింది మన సర్వర్. అక్కడే తోసేశారు."

"ఎందుకు తోసేస్తారు?"

"మా పేరుతో ఉత్తరం తెచ్చే హక్కు మా మెషీన్లకే ఉంది, ఇంకెవరు తెచ్చినా దొంగల కింద లెక్క అని ఆ ఆఫీసు వాళ్ళు రూలు పెట్టుకున్నారు. మన సర్వరేమో కవరు మీద ఆమె పేరు అలాగే ఉంచి నీ దగ్గరికి మోసుకొచ్చింది. గుమ్మంలోనే గెంటేశారు."

"పోనీ, కాపీలైనా లేవా?"

"ఎవరి కంటా పడకూడదు, కాపీలు ఉంచొద్దని చెప్పింది నువ్వే కదా."

"మరి ఆ మూడూ ఏమైపోయినట్టు?"

ఆడపడుచు చిట్టాను ఇంకోసారి చూసింది. "గెంటేసిన ఉత్తరం... కవరు మీద ఎవరి పేరుంటే వాళ్ళకే తిరిగి వెళ్తుంది. మన ఆఫీసు పేరుతో సహా."

వదిన కుర్చీలో కూలబడింది. "అయ్యో! అవి వాడి కంట పడితే ఇంకేమన్నా ఉందా?"

"పావుగంట టైమివ్వు."

ముందుగా, వచ్చిన ప్రతి ఉత్తరం పై కవరు మీద తమ సర్వర్ తన పేరే రాసుకునేలా మార్చింది ఆడపడుచు. ఇకమీదట ఎక్కడైనా తోసేస్తే ఆ కబురు తమకే వస్తుంది, రాసినామెకు పోదు. లోపలి ఉత్తరాన్ని మాత్రం ముట్టుకోకూడదు. ఒక్క అక్షరం మారినా పంపిన ఆఫీసు వేసిన ముద్ర చెల్లదు. ప్రతి ఉత్తరం అడుగున 'ఇది రహస్యం' అన్న ఒక లైను తమ సర్వర్ ఇన్నాళ్ళూ అతికిస్తోందని అప్పుడు గుర్తొచ్చింది. తల బాదుకుని ఆ లైను తీసేసింది.

ఆడపడుచు సగం పూట ఒక కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఆ కాలేజీదీ అలాంటి రూలే కాబట్టి, అక్కడి అడ్రసు నుంచి తమ ఆఫీసుకు ఒక మెయిల్ పెట్టి చూసింది. వదిన ఫోన్ టింగుమంది.

"వచ్చింది!"

"హమ్మయ్య. ఇక ఆమె ఇంకోసారి రాస్తే చాలు."

రాస్తుందో లేదో. ఇద్దరూ ఆ ఫోన్ వంకే చూస్తూ కూర్చున్నారు. వదిన పెట్టుకున్న టీ చల్లారి మీగడ కట్టింది. పదకొండున్నరకు ఫోన్ మళ్ళీ టింగుమంది. మెయిల్.

'అక్కా, ఇంట్లోంచి బయటపడ్డాను. బస్టాండులో ఉన్నాను. మీరు ఆడవాళ్ళను దాచే ఇల్లు ఎక్కడుందో అడ్రసు పంపండి. తొందరగా.'

"దేవుడా, బతికే ఉంది!" అంది వదిన. అంతలోనే ఆమె ముఖంలో అనుమానం కదిలింది. "ఆగు. ఇది దొంగ మెయిల్ కాదు కదా? బాగా చూసి చెప్పు."

ఆడపడుచు ఒక్కొక్క లైనూ చదివింది. "ఆ మూడూ వచ్చిన అడ్రసే. ఆ ఆఫీసు మెషీనే పంపింది. ముద్ర చెక్కుచెదరలేదు. అన్నీ పాసయ్యాయి వదినా. నిశ్చింతగా పంపు."

పదకొండు మంది ఆడవాళ్ళు, ఆరుగురు పిల్లలు తలదాచుకున్న ఇల్లు అది. దాని అడ్రసు ఈ ఇద్దరికి తప్ప బయట ఎవరికీ తెలియదు. వదిన ఇంటి నంబరు కొట్టింది, వీధి పేరు కొట్టింది, మలుపు దగ్గర మందుల షాపు గుర్తు కూడా రాసింది. పంపే బటన్ మీదికి బొటనవేలు పోనిచ్చింది.

అప్పుడే తలుపు తోసుకుని ఒకామె లోపలికి వచ్చింది. కాళ్ళకు చెప్పుల్లేవు. భుజం మీద పిల్ల నిద్రపోతోంది.

"ఒక్క నిమిషం కూర్చోమ్మా," అంది వదిన ఫోన్ మీంచి తల ఎత్తకుండా. "చాలా అర్జెంటు. ఇది పంపేసి మాట్లాడతాను."

"పొద్దున పక్కింటివాళ్ళ ఫోన్ నుంచి చేసింది నేనేనక్కా. ఆ మూడు మెయిల్స్ పెట్టింది నేనే."

వదిన చప్పున తలెత్తింది. ఆ గొంతే. లేచి వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుంది. "వచ్చేశావా తల్లీ! బస్టాండులో ఉన్నానని రాస్తే ఇదిగో, నీకే అడ్రసు పంపుతున్నాను. ఇంత తొందరగా ఎలా వచ్చావు?"

ఆమె అయోమయంగా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"నేను రాయడమేంటక్కా? ఆఫీసు మెయిల్ ఉన్న నా ఫోన్ రాత్రే మా ఆయన లాక్కున్నాడు."