గంగవాయిలి పెంపకం

“ఇరవై కుండీలూ కుళ్ళిపోయాయి! అరగంటలో అధికారి తనిఖీకొస్తారు. మొక్క చూపించకపోతే నా పరిశోధన మూసేస్తారు,” అంది వృక్షశాస్త్రం మేడమ్, మెత్తబడ్డ గంగవాయిలి కాడను పట్టుకుని.

“ఆకులోనే నీళ్ళు దాచుకునే మొక్కమ్మా అది. పూటపూటా పోస్తే ఆ మర్యాద దానికి పడుతుందా?” అన్నాడు తోటమాలి.

“ఆ పాఠం చెప్పేది నేనే! సరే, బయట నేలమీద పాకేవి ఏవీ?”

“పీకేశాను. ఏళ్ళ తరబడి పీకుతూనే ఉన్నాను. కలుపు తీయమని కాగితమ్మీద సంతకం పెట్టింది మీరేగా! వారమైంది, గోడ వెనక కుప్పేశాను.”

ఆమె పరుగెత్తింది. తలకిందులుగా పడివున్న తీగలు నాలుగువైపులా కాళ్ళు చాపి, ఎండలో పసుపు పూలు విప్పి కులాసాగా ఉన్నాయి. కుండీలో కుళ్ళిన మొక్కల యజమానురాలు కుప్పలో మొక్కలను చూసి కుళ్ళుకుంది. ఆనక ఇద్దరూ దోసిళ్ళతో ఎత్తి కుండీలు నింపారు.

అధికారి ముచ్చటపడ్డారు. “భేష్! ఎవరి పెంపకం?”

మేడమ్ నోటిదాకా వచ్చిన ‘నాదే’ను మింగేసింది.

“ఈయనదేనండి. నేను పెంచినవి బతకలేదు.”

అధికారి పెన్ను తీసి తోటమాలివైపు తిరిగారు. “సంరక్షణ పద్ధతి రాసుకోవాలి. ఏం చేశావయ్యా?”

“మూడేళ్ళుగా వీటిమీద పగబట్టానండి.”