నడిమి దారం

అడవి అంచున ఉన్న ఆ తుమ్మచెట్టుకు ముళ్ళెన్నో, సాలీళ్ళూ అన్నే. కొమ్మకొక గూడు. అన్నింటినీ ఒకే నడిమి దారానికి ముడివేయించింది పెద్దరికం వహించిన చలాకి అనే సాలీడు. ఎక్కడ ఈగ చిక్కినా ఆ దారం అదిరేది. అందరికీ ఆహారం అందేది.

తూర్పున మబ్బు నల్లబడిన పూట నడిమి దారం జోరుగా అదిరింది.

"పెద్ద ఈగే పడింది, పెద్దమ్మా, రా," అంటూ చలాకి పరుగెత్తింది.

ముసలి సాలీడు నిబ్బరి కదలలేదు. ఆమె కొమ్మ మీద ఏడు గుడ్లసంచులున్నాయి. గాలివానకు ముందు ఏ ఈగా ఎగరదని ఆమె ఎరుగును.

"అది ఈగ కాదమ్మా. ఎవరో దారం మీటుతున్నారు. నడుమకు పోకండి."

"వయసు మీరితే అదురుకూ బెదురుకూ తేడా తెలియదు," అని చలాకి వెంట వెళ్తున్న సాలీళ్ళలో ఒకతె నవ్వుతూ సాగిపోయింది.

నడుమ పొంచి దారం మీటుతున్న నల్లపురుగు వచ్చినవారిని వచ్చినట్టే పట్టసాగింది. అంతలో గాలి విరుచుకుపడింది. నడిమి దారం తెగి, గూళ్ళను ఒక్కొక్కటిగా ఈడ్చుకుపోసాగింది. నిబ్బరి తన కొమ్మ ముడి దగ్గర ఆగింది. తెంచితే అవతలివారికి ఇటు దారి ఉండదు; తెంచకపోతే ఏడు సంచులూ నేలపాలు.

ఆమె తెంచింది.

వాన వెలిశాక, రెండు కాళ్ళు పోగొట్టుకున్న చలాకి బెరడు పట్టుకుని పైకి వచ్చింది. చెట్టు మీద నిలిచినది నిబ్బరి గూడొక్కటే.

"నీ గూటి నుంచే మళ్ళీ మొదలుపెడదాం, పెద్దమ్మా. నడిమి దారం ఎక్కడ కట్టమంటావు?"



"ముందు తెంచే చోటు చూపించు," అంది నిబ్బరి. "కట్టే చోటు తరువాత చెబుతాను."