శనివారం సాయంత్రం దాకా

"నా వైపు తిరిగి చెప్పు తల్లీ. మొహం చూస్తేగాని సగం సంగతి తెలీదు నాకు" అంది మంత్రసాని ఇనా లీపత్.

కేవా అటు తిరిగి చెప్పింది. తొమ్మిదో నెల. నిన్నట్నుంచి బిడ్డ కదలిక తగ్గింది. పొద్దున ఒక్కసారి మెల్లగా తన్నినట్టనిపించింది. అంతే.

కేవాకి ఇది మూడో కాన్పు. మొదటి రెండూ దక్కలేదు. అందుకే ఈసారి వారం వారం కొండ దిగి, రెండు ఊళ్ళు దాటి ఇనా దగ్గరికి వస్తోంది. అదొనారా దీవి మొత్తంలో అంత మంచి చెయ్యి ఇంకొకటి లేదని పేరు. ఆ చేతులకి కళ్ళున్నాయనేవాళ్ళు. ఏడో నెలలో బిడ్డ తల పైకి పెట్టి పక్కటెముకల కింద కూర్చుంటే, పొట్ట మీద అరచేతులు ఆనించి, "వీడెవడో దొర. కుర్చీ దిగనంటున్నాడు" అని నవ్వింది. ఎనిమిదో నెలలో తల కిందికి తిరిగిందనీ ఆ చేతులే చెప్పాయి.

బిడ్డ వీపు ఎటుందో తడిమి చూసి, సరిగ్గా అక్కడ చెక్క గొట్టం పెట్టి, దానికి చెవి ఆనించేది ఇనా. కళ్ళు మూసుకునేది. కాసేపటికి కేవా మణికట్టు మీద చూపుడువేలితో టకటకా కొట్టి చూపించేది. లోపల గుండె ఇదిగో ఇలా కొట్టుకుంటోందని. ఇక ఆ వారమంతా కేవాకి పండగే. ఇంటికెళ్ళి మొగుడు లామెన్ చేతి మీద అలాగే కొట్టేది. "చూడు నీ కొడుకు పరుగు!"

ఆ శనివారం సాయంత్రం కూడా గొట్టం బొడ్డు కింద, ఎడమపక్కన ఆనింది. లామెన్ ఇనా వెనక, గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇనా, పడవ మాట్లాడమంటారా? పొద్దు గుంకేలోగా లారంటుకా ఆసుపత్రికి చేర్చేస్తాను."

ఇనా తల తిప్పలేదు. కాన్పుల గదిలో మగాళ్ళ పెత్తనం ఆవిడకి గిట్టదు కాబోలనుకుని లామెన్ ఒకడుగు వెనక్కి వేశాడు.

చూపుడువేలు కేవా మణికట్టు మీద ఆడింది. టక టక టక.

"దొరగారు నిద్రపోతున్నారు. గుండె గుర్రంలా పరిగెడుతోంది. ఇంటికెళ్ళి ఇంత మునగాకు పులుసు తాగి పడుకో."

"అయితే పడవ అక్కర్లేదన్నమాట" అన్నాడు లామెన్. వాడి మొహంలోకి అప్పటికి నెత్తురొచ్చింది.

సోమవారం పొద్దున్నే నొప్పులొచ్చాయి. లామెన్ మోటారు సైకిల్ మీద ఇనాని తీసుకొచ్చాడు. తల ముందుగా, చక్కగా, ఏ ఇబ్బందీ పెట్టకుండా పుట్టాడు బిడ్డ.

ఏడవలేదు.

ఇనా వీపు రుద్దింది. అరికాళ్ళ మీద కొట్టింది. నోట్లో నోరు పెట్టి ఊదింది. చివరికి గుడ్డలో చుట్టి కేవా రొమ్ము మీద పెట్టి, గోడకి జారగిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

కేవాయే ఆవిణ్ణి ఓదార్చింది. "మీరేం చేస్తారు ఇనా? శనివారం సాయంత్రం దాకా బాగానే ఉన్నాడుగా. మీరు విన్నారుగా."

ఆ పెదాల వంకే చూస్తూ ఇనా ఇంకా కుమిలిపోయింది.

మూడోరోజు పాలు పడ్డాయి. కేవా రొమ్ములకి గుడ్డ బిగించి కట్టుకుని, పళ్ళ బిగువున పడుకుంది. చిన్న శిలువ మీద లామెన్ సోమవారం తేదీ రాయబోతే మాత్రం లేచి కూర్చుంది.

"సోమవారం కాదు. ఆదివారం అని రాయి."

"ఏదైతేనేం కేవా..."

"ఏదైతేనేమా? శనివారం వాడి గుండె నా చేతి మీద కొట్టుకుంది. నేను ఇంట్లో పడుకుని వాణ్ణి చంపుకోలేదు. ఆదివారం, ఎవరికీ తెలీకుండా వాడే వెళ్ళిపోయాడు."

లామెన్ ఆదివారం తేదీయే రాశాడు. ఆ ఒక్క మాట పట్టుకునే కేవా మళ్ళీ అన్నం ముట్టింది, మగ్గం ముందు కూర్చుంది.

నలభై రోజులు పోయాక, తను నేసిన బట్టా, బుట్టెడు మొక్కజొన్న అటుకులూ తీసుకుని ఇనా ఇంటికి వెళ్ళింది. ఆవిడ మొగుడు వాకిట్లో చేపల వల బాగుచేసుకుంటున్నాడు. లోపల పొయ్యి ముందు ఇనా అటు తిరిగి కూర్చుని ఉంది.

"ఇనా!"

గరిటె ఆగలేదు.

"ఇనా, నేను కేవాని. మీకు నాలుగు మంచి మాటలు చెప్పిపోదామని వచ్చాను."

పలకలేదు. బిడ్డ పోయినందుకు ఆవిడింకా తలెత్తలేకపోతోందేమోననుకుంది కేవా. గొంతు పెంచి మూడోసారి పిలిచింది.

ముసలాయన వల మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు. "ఎందుకు తల్లీ గొంతు చించుకుంటావు, వెళ్ళి ఎదురుగా నిలబడు, మీ ఇనాకి రెండు చెవులూ పోయి మూడేళ్ళయింది."