కిటికీలో రెండు రాళ్లు

ఆ రోజు ఇంట్లో చిన్నపిల్ల రోద్న, దాని నానమ్మ వెలిక, నాన్న తాసె, రాజధాని స్కోప్యే నుంచి గని చూడటానికి వచ్చిన ఇంజినీరు ఉన్నారు. గడప దగ్గర, మంచినీళ్లు అడిగి కూర్చున్న ముసలామె ఒకతె. తలగుడ్డ కనుబొమల దాకా కట్టుకుంది. ఎవరివని ఎవరూ అడగలేదు.

పళ్లసారా రాకియా పోసిన గ్లాసు పక్కన ఇంజినీరు నల్లగుడ్డ మూట విప్పాడు. లోపల ఎర్ర రాళ్లు.

"అన్నీ మణిశిలే, మామూలు ఆర్సెనిక్ రాయి. కొనేవాడు లేడు. రేపే గని మూయించేస్తా," అన్నాడు ఇంజినీరు.

గని కాపలాయే తాసె బతుకు. చేతిలో రొట్టె ముక్క నోటిదాకా పోలేదు.

"ఎండలో పెట్టి చూశావా నాయనా?" అంది ముసలామె.

ఇంజినీరు నవ్వాడు. "ఎండ తగిలితే మణిశిల పొడైపోతుంది అవ్వా! అందుకేగా మీ ఊళ్లో తవ్వగానే పెట్టెలో దాచేది?"

"అన్నిటినీ చీకట్లోనే దాస్తే, పొడి కానిదేదో ఎలా తెలుస్తుంది?"

రొట్టె కోస్తున్న నానమ్మ చేతిలో కత్తి ఆగింది.

"నీళ్లు తాగావుగా. ఇక లే," అంది.

ముసలామె లేచింది. "రెండు నెలల కిందటా వచ్చా. ఈ పిల్లే నీళ్లిచ్చింది. మీ కిటికీలో పూలకుండీ వెనక, గ్లాసులో రెండు రాళ్లు పెట్టిపోయా. చూడమ్మా."

రోద్న తల దించుకుంది. ఆ రాళ్లు పెట్టడం అప్పుడే చూసింది. ఎవరికీ చెప్పలేదు.

గ్లాసు తెచ్చింది. ఒక రాయి పసుపుపచ్చ పొడి అయిపోయింది. రెండోది దానిమ్మ గింజలా ఎర్రగానే ఉంది.

"ముట్టుకోకు, విషం!" ఇంజినీరు భూతద్దం తీశాడు. గ్లాసును వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు.

"లోరాండైట్! శాస్త్రవేత్తలు ఎగబడి కొనే ఖనిజం. లోకంలో ఇది ఇంకెక్కడా ఇంత దొరకదు. ఇన్నాళ్లూ మణిశిల అనుకుని చెత్తలో పోశామా! తాసె, గని తాళాలు జాగ్రత్త. మూయడం లేదు."

"అయితే ఇంకో చుక్క పోస్తానుండండి!" తాసె సీసా అందుకున్నాడు. ఆత్రంలో సగం బల్ల మీదే పోశాడు.

"ఆ అవ్వ ఏదీ?" అన్నాడు ఇంజినీరు.

గడప దగ్గర ఖాళీ గ్లాసు ఉంది.

నానమ్మ అప్పటికే శాలువా కప్పుకుంది. వేడి రొట్టె మొత్తం చంకన పెట్టుకుంది.

"నేనూ వస్తా నానమ్మా."

"వద్దే. దాని పేరు త్రేన. గని షెడ్డులో నా కిందే రాళ్లు ఏరేది. ఇది వేరే రాయి మొర్రో అని మొత్తుకుంటే, పిచ్చిదని నలభై ఏళ్ల కిందట గేటు బయటికి నెట్టించిన మేస్త్రీని నేనే. నేనొక్కదాన్నే పోవాలి," అంటూ నానమ్మ రోద్న ముఖం మీదే తలుపు వేసింది.