ఆపేసిన ఇంజను

కంభం చెరువు నడిమధ్యకు రాగానే ఇంజను ఆగిపోయింది. మిరపతోటకు మందు కొట్టే మిషను నుంచి ఊడదీసి, ఆనంద్ బాబు ఆ ఉదయమే దాన్ని బావ సుందరరాజు పడవకు బిగించాడు.

“నీ మోతకు చేపలన్నీ గిద్దలూరులో రైలెక్కి పోయినాయి,” అంటూ సుందరరాజు తెరచాప ఎత్తాడు.

“ఆ గుడ్డతో పోతే మనం చేరేలోపు చేపలు ముసలివయితాయి. రేపే పీకి పారేద్దాం బావా.”

గాలి అందుకుంది. పడవ వల వేసిన వైపు కాకుండా కట్ట వైపు కదిలింది.

“అటు గదా మనం పోవాల్సింది!”

“మీ అక్క అంతే. నేను అటంటే తాను ఇటే.”

ఆనంద్ తలెత్తి తెరచాపను చూశాడు. నాలుగు నెలల క్రితం చనిపోయిన అక్క సౌభాగ్యమ్మ ఆదివారం చర్చికి కట్టుకునే నీలం చీర అది.

“నీసు వాసనని ఒక్కనాడూ పడవెక్కలేదు,” అన్నాడు సుందరరాజు. “ఇప్పుడు పిలవకుండానే వస్తాంది.”

గాలికి చీర టపటపలాడింది. ఆనంద్ ఇంజను తాడు లాగాడు. అది ఒక్కసారిగా బర్రుమంది. వెంటనే ఆపేశాడు.

“ఆపినావేందిరా?”

“అక్క మాట్లాడుతుంటే మధ్యలో అరిస్తే తంతాది బావా.”