తాగుబోతు కావలెను

రోగులు లేని కేంద్రానికి వచ్చే ఏడాది నిధులివ్వడం కుదరదని మండల ఆఫీసు నుంచి ఫోన్ చేసి చెప్పారు. మర్నాడు జిల్లా నుంచి సాయినాథ్ అనే అధికారి తనిఖీకి వస్తున్నాడు. మంచం మీద ఒక్క మనిషైనా కనిపించకపోతే మామిడిజోల మద్య విముక్తి కేంద్రానికి తాళం పడుతుంది.

ఆ కేంద్రాన్ని నడిపేది నీలవేణి. సారా మానేసినవాళ్లు రోజూ సాయంత్రం ఇక్కడికొచ్చి కూర్చుంటారనీ, అలా కూర్చోబట్టే మళ్లీ తాగడం లేదనీ ఆమె ఫోన్లో చెప్పి చూసింది. కూర్చునేవాళ్లు లెక్కలోకి రారట. పడుకునేవాళ్లే వస్తారట.

ఆ సాయంత్రం వచ్చినవాళ్లకు ఆమె సంగతి చెప్పింది. ఈ గది లేకపోతే తమ సాయంత్రాలు ఎటు దారి తీస్తాయో ఎవరికి వాళ్లకు తెలుసు. చివరికి సుక్రు లేచి, ఊరి మేలు కోసం ఎవరో ఒకరు తాగక తప్పదన్నాడు.

ఒకప్పుడైతే ఈ పనికి కొట్టుకు చచ్చేవాళ్లు. ఇప్పుడు ఒక్కడూ ముందుకు రాలేదు. సుక్రుకు కాఫీ పళ్ల కోత ఉంది. ఫల్గుణను ఈమధ్యే చర్చిలో సంఘపెద్దగా పెట్టుకున్నారు. ఇంకొకతను తనకేమీ అభ్యంతరం లేదనీ, పెళ్లాన్ని ఒకమాట అడిగి వస్తాననీ వెళ్లాడు. తిరిగి రాలేదు.

అందరికంటే పెద్దవాడు బుధు. కేంద్రంలో మొదట చేరి, మొదట మానినవాడు కూడా అతనే. పెళ్లాం పోయాక ఒంటరిగా ఉంటున్నాడు.

“నానే తాగుతాన్లే. తిట్టడానికి నాకింట్లో ఎవులూ నేరు,” అన్నాడు.

“వద్దు మావా. ఊరికే పడుకో, సాలు,” అంది నీలవేణి.

“వాసన నేకపోతే ఆయన నమ్ముతాడేటి?”

అదీ నిజమేనని అందరూ ఒప్పుకున్నారు. అయితే ఆ ఊళ్లో సారా దొరకడం ఎప్పుడో మానేసింది. ఫల్గుణ పొరుగూరు వెళ్లి ఒక సీసా కొని, కండువాలో చుట్టుకుని తెచ్చాడు. తెచ్చి నీలవేణి చేతికిచ్చి, చేతులు సబ్బుతో కడుక్కున్నాడు.

పొద్దున్నే బుధు మంచం మీద కూర్చుని గ్లాసు పట్టుకున్నాడు. నోటిదాకా తీసుకెళ్లి దించాడు. మళ్లీ ఎత్తాడు. బయట జీపు చప్పుడు వినిపించింది.

“బేగి కానీ మావా,” అన్నాడు సుక్రు గుమ్మంలోంచి.

బుధు గ్లాసులోకే చూస్తున్నాడు. “నీలవేణీ, ఇది లోపలికెళ్తే రేపు నా మాట ఇనదే,” అన్నాడు మెల్లగా.

ఆమె గ్లాసు లాక్కుని ఆ సారా అంతా అతని చొక్కా మీద పోసింది. వాసనే కదా కావలసింది, ఇక పడుకోమంది. బుధు ప్రాణం కుదుటపడి కళ్లు మూసుకున్నాడు.

సాయినాథ్ ఇస్త్రీ చొక్కాలో, గంభీరంగా వచ్చాడు. రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో పెట్టుకునే గదులూ, మందుల బీరువా, మరుగుదొడ్డి చూశాడు. కొండ మీద పండిన కాఫీ అని ఇస్తే వద్దన్నాడు. తర్వాత బుధు మంచం దగ్గర ఆగాడు. బుధు అటు దొర్లాడు, ఇటు దొర్లాడు, ఎవరినో నాలుగు తిట్టి, ధింసా నాట్యానికి పాడే పాట ఎత్తుకున్నాడు. అధికారి అతని మీదికి వంగి, అలాగే కాసేపు ఉండిపోయాడు. నిటారుగా నిలబడి, నీలవేణిని ఉండమని, మిగతావాళ్లను బయటికి వెళ్లమన్నాడు.

“ఇతను తాగలేదమ్మా,” అన్నాడు.

పాట ఆగిపోయింది.

“పొద్దున్నపూట తాగుబోతుకి పాట రాదు. ముందు వణుకు వస్తుంది. ఇతని చెయ్యి చూడండి, రాయిలా కదలకుండా ఉంది. అదీగాక, తాగేవాడు చొక్కా మీద ఇంత ఒలకబోసుకోడు. చుక్క కూడా పోనివ్వడు.”

నీలవేణి ఇక దాచలేదు. నిన్నటి ఫోన్ దగ్గర్నుంచి గ్లాసు దాకా అంతా చెప్పేసింది.

“రోగులు నేరని రాసుకోండి సార్. తాగినోళ్లందరూ మానేసినారు. అది తప్పయితే తప్పు నాది. ఈలది కాదు.”

“నిజంగా మానేశారా?”

బుధు లేచి కూర్చున్నాడు. “మానేసినాం బాబూ. నాను మళ్లీ మొదలెడదామనే కూకున్నాను. సేతకానేదు.”

సాయినాథ్ పక్క మంచం మీద కూర్చున్నాడు. కిటికీలోంచి వలిసెల చేను వైపు చూస్తూ, ఎన్నాళ్లు పట్టిందని బుధుని అడిగాడు. మొదటి వారం చచ్చిపోతాననుకున్నాననీ, రాత్రుళ్లు ఈ ఆడకూతురు పక్కన కూర్చుని అంబలి పట్టేదనీ బుధు చెప్పాడు. ఆ తర్వాత ఏమయిందన్నాడు అధికారి. తర్వాత ఏముంది, ఆకలేసింది అన్నాడు బుధు.

కాసేపటికి ఆయన, వేరే ఊరివాళ్లను కూడా చేర్చుకుంటారా అని అడిగాడు. అది ఏ నిబంధన కోసం అడుగుతున్నాడో నీలవేణికి అర్థం కాలేదు. ఏ ఊరివాళ్లయినా, ఎంత చదువుకున్నవాళ్లయినా కాదనమని ఆచితూచి చెప్పింది.

సాయినాథ్ తలూపి, లేచి గుమ్మం దాకా వెళ్లి డ్రైవర్ను పిలిచాడు.

“నా బ్యాగు ఇక్కడ పెట్టేసి నువ్వు వెళ్లిపో. ఆఫీసులో అడిగితే, కేంద్రంలో రోగి ఉన్నాడని చెప్పు.”